ఓటముల పద్దు

నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి గట్టున దిగేలోపు తేలిపోవాల్సిన వాదన ఒకటి మా వాళ్ల మధ్య ఏళ్ల తరబడి నానుతోంది. షటిల్‌లో శ్రీకాంత్ గొప్పవాడా, సాత్విక్ గొప్పవాడా? కిదాంబి శ్రీకాంత్ పుట్టింది రావులపాలెంలో. సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డిది అమలాపురం. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక రెండు ఊళ్లూ ఒకే కోనసీమ జిల్లాలోకి వచ్చాయి గానీ, వాదన మాత్రం రాజీకి రాలేదు. మేం వశిష్ఠ గోదావరికి ఇవతలి గట్టువాళ్లం, పశ్చిమ గోదావరి. మాకు ఇద్దరూ పొరుగూరి బిడ్డలే. అందుకని ‘మీరే చెప్పండి’ అని మా మీదకి తోస్తారు.

నేను ముప్పై ఏళ్లకి పైగా చుట్టుపక్కల టోర్నమెంట్లలో స్కోరు రాస్తున్న మనిషిని. పాలకొల్లు, భీమవరం, రాజోలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి నోటు పుస్తకం పట్టుకుని వెళ్తాను. ఇన్నేళ్లూ చూసి ఒక సంగతి గట్టిగా నమ్మాను. వేర్వేరు కాలాల ఆటగాళ్లని, వేర్వేరు తీరు ఆటగాళ్లని పోల్చాలంటే వాళ్లు గెలిచిన మ్యాచులు చూడకూడదు. ఓడినవి చూడాలి. ఓడినవే చూడాలి. దాన్ని ఎలా చేయాలో కింద చెబుతున్నాను. నచ్చినవాళ్లు పాటించండి. నచ్చనివాళ్లు కూడా ఒక్క నెల పాటించి చూడండి.

ముందు చేయాల్సిన పని, ఫోనులో పతకాల పట్టిక మూసేయడం. గెలుపుని కొలిచే రాళ్లు కాలానికోసారి మారిపోతాయి. 2001 మార్చిలో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనావాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించాడు. అప్పుడు సర్వీసు చేసేవాడికే పాయింటు. అవతలివాడి సర్వీసులో నువ్వు ర్యాలీ గెలిస్తే చేతికొచ్చేది సర్వీసు మాత్రమే. 2006లో ఆ లెక్క పోయింది. ఎవరు సర్వీసు చేసినా ర్యాలీ గెలిచినవాడికి పాయింటు, గేము 21కి. 2018లో సర్వీసు ఎత్తు నిబంధన మారింది. అంతకు ముందు నడుము కింద నుంచి కొట్టాలనేవారు, ఇప్పుడు అందరికీ నేల నుంచి 1.15 మీటర్లు. ఆరడుగులవాడికీ అంతే, అయిదున్నర అడుగులవాడికీ అంతే. టోర్నమెంట్ల పేర్లూ మారాయి. శ్రీకాంత్ 2017లో ఒక్క ఏడాదిలో ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో నాలుగు సూపర్ సిరీస్‌లు గెలిచాడు. మరుసటి ఏడాదికి సూపర్ సిరీస్ అన్న పేరే లేదు. సాత్విక్, చిరాగ్ శెట్టి జోడీ 2023లో గెలిచిన ఇండోనేషియా ఓపెన్‌ని సూపర్ 1000 అంటారు. దీనికీ దానికీ మారకం రేటు ఎంత? చెప్పగలిగినవాడు నాకు ఇంతవరకూ దొరకలేదు.

మార్చి లెక్కగడదామని నేనూ ఒకసారి కూర్చున్నాను. నా పుస్తకంలో ప్రతి పాయింటు పక్కనా సర్వీసు ఎవరిదో చిన్న సున్నా చుట్టి గుర్తు పెడతాను. దాన్నిబట్టి 21 పాయింట్ల గేముని పాత 15 పాయింట్ల లెక్కలోకి తిప్పొచ్చు. సున్నా ఉన్న పాయింట్లు మాత్రం ఉంచి, మిగిలినవి కొట్టేసుకుంటూ పోవడమే. రెండు రాత్రులు చేశాను. అంకెలు వచ్చాయి, ఆట రాలేదు. పాత పద్ధతిలో సర్వీసు చేస్తూ తప్పు కొడితే పాయింటు పోదు, సర్వీసు మాత్రమే పోతుంది. ఆ ధైర్యంతో గీత అంచుకి కొట్టే దెబ్బ వేరు. ప్రతి తప్పుకీ పాయింటు పోతుందని తెలిసి కొట్టే దెబ్బ వేరు. మనిషి చెయ్యి నిబంధనని బట్టి కదులుతుంది. కాగితం మీద నిబంధన మార్చినంత మాత్రాన ఆ చెయ్యి మారదు. కాబట్టి మీరు ఆ పని పెట్టుకోకండి.

ఓటమి అలా మారదు. ఎందుకు మారదో నాకు చూపించింది ఒక కుర్రాడు.

సంక్రాంతికి కొబ్బరితోటలో వేసిన కోర్టు. రెండు చెట్ల మధ్య నెట్టు, సున్నంతో గీసిన గీతలు, నాలుగు గుంజలకి కట్టిన లైట్లు. పదహారేళ్లుంటాయేమో ఆ అబ్బాయికి. మూడో గేము 19-21తో పోయింది. గెలిచినవాడిని వాళ్ల ఊరివాళ్లు చుట్టుముట్టి భుజాలకెత్తుకున్నారు. ఓడినవాడు తిన్నగా నా బల్ల దగ్గరకొచ్చాడు. “ఒక్కసారి చూపిస్తారా అండీ” అన్నాడు. పుస్తకం తిప్పి ఇచ్చాను. వేలుతో వెతుక్కుని 19-17 దగ్గర ఆగాడు. అక్కడి నుంచి అవతలి వరుసలో నాలుగు గీతలు వరసగా ఉన్నాయి. ఒక్కో గీత మీదా వేలు ఆన్చి కదిపాడు. మూడో దాని దగ్గర నిలిచిపోయి, “ఇదండీ. అవుటుకెళ్తుందని వదిలేశాను. ఆడాల్సింది” అన్నాడు. వేలి చెమటకి పెన్సిలు గీత అలుక్కుపోయింది. కాక్‌దే చిన్న ఈక ముక్క ఒకటి కాగితానికి అంటుకుంది. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది. నేను రాసిన అన్ని వందల గేముల్లో గెలిచినవాడు వచ్చి పద్దు చూపించమని అడిగిన సందర్భం ఒక్కటీ గుర్తులేదు.

గెలిచిన మ్యాచు జనానిది అయిపోతుంది. ఓడిన మ్యాచు మాత్రం ఆటగాడి దగ్గరే ఉండిపోతుంది. 1980లోనూ అంతే, 2024లోనూ అంతే. అన్ని కాలాలకీ సరిపోయే కొలబద్ద కావాలంటే నాకు కనిపించింది ఇదొక్కటే.

ఇక పద్దు ఎలా రాయాలో చెబుతాను. ఒక్కో ఆటగాడికీ ఒక్కో పేజీ. పేజీకి మూడు ఓటములే. ఎక్కువ రాస్తే చేయి అలవాటు పడిపోయి మనసు మొద్దుబారుతుంది. మొదటి రౌండు ఓటములు వద్దు, ఒంట్లో బాగోక ఓడినవి వద్దు. మూడో గేము దాకా వెళ్లి, చివర్లో రెండు మూడు పాయింట్లకి పోయినవాటికి పూర్తి మార్కులు. ఓడించినవాడు ఆ తరవాత పెద్ద పతకం దాకా వెళ్తే దానికి పైమార్కులు. తరవాతెప్పుడో పగ తీర్చుకున్నాడా, దానికి మాత్రం మార్కు వేయకండి. పగ తీరిందంటే గాయం మానినట్టే. మనం కొలిచేది గాయాన్ని.

సింధు పేజీ తీయండి, అర్థమవుతుంది. 2019లో బాసెల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో నోజోమి ఒకుహరాని 21-7, 21-7తో ఓడించి బంగారం తెచ్చింది. ముప్పై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. దేశమంతా ఆ మ్యాచే చెప్పుకుంటుంది. నేను రాసుకున్నది మాత్రం దానికి రెండేళ్ల ముందు గ్లాస్గోలో అదే ఒకుహరా చేతిలో ఓడిన ఫైనల్. 19-21, 22-20, 20-22. గంటా యాభై నిమిషాలు. రెండో గేము చివర ఒక ర్యాలీ 73 దెబ్బలు నడిచింది. అందులో ఒక్క దెబ్బ అటుదిటైతే చరిత్ర ఇంకోలా ఉండేది. ఆ ర్యాలీ గెలిచి, గేము నిలబెట్టుకుని, మూడో గేములో 20-20 దాకా వెళ్లి ఓడింది. బాసెల్‌లో ఎదురుగా ఒకుహరా ఉన్నట్టే లేదు. గ్లాస్గోలో ఇద్దరూ ఉన్నారు. ఆటగత్తె ఎంతటిదో తెలియాలంటే ఇద్దరూ ఉన్న మ్యాచే చూడాలి.

ప్రకాష్ పదుకోన్ పేజీ కూడా ఇలాగే. 1980 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో లీమ్ స్వీ కింగ్ మీద 15-3, 15-10 అందరికీ కంఠతా వచ్చు. మరుసటి ఏడాది మళ్లీ ఫైనలుకెళ్లాడని, అదే కింగ్ చేతిలో మొదటి గేము 15-11తో గెలిచాక 4-15, 6-15తో పోగొట్టుకున్నాడని ఎంతమందికి తెలుసు? బిరుదు నెత్తిన పెట్టుకుని వచ్చి, సగం మ్యాచు దాకా అది నిలుస్తుందనుకుని, కళ్లముందే జారిపోతుంటే చివరి పాయింటు దాకా ఆడటం. నా పద్దులో ఆయన స్థానం 1981తో ఖాయమైంది. గోపీచంద్‌కి 2000 సిడ్నీ ఒలింపిక్స్ రాశాను. హెండ్రావన్ చేతిలో ఓడాడు. ఆ హెండ్రావన్ రజతం దాకా వెళ్లాడు, పై ఏడాది ప్రపంచ చాంపియనయ్యాడు. ఆ ఓటమి తరవాత ఆరు నెలలకే గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచాడన్నది నిజమే. అది మాత్రం పద్దులోకి రాదు.

ఇక్కడ ఇంకో సలహా. మనవాడు అన్న ప్రేమని దాచుకోకండి. నిష్పక్షపాతంగా చెబుతున్నా అని మొదలుపెట్టేవాళ్ల మాట నేను వినను. ఎవరి మీదా ఇష్టం లేనివాడు అర్ధరాత్రి లేచి మ్యాచ్ ఎందుకు చూస్తాడు? చూడనివాడు ఎలా పోలుస్తాడు? మనవాడికి అయిదు మార్కులు కలపండి, కలిపానని పక్కనే రాయండి. గోపీచంద్‌కి నేను అలాగే కలిపాను. కలిపినా ప్రకాషే పైన ఉన్నాడు. బాధేసింది. అయినా దిద్దలేదు.

మా మేనల్లుడికి షటిల్ కన్నా బాస్కెట్‌బాల్ పిచ్చి. వాడూ వాడి స్నేహితులూ సాయంత్రం రింగు కింద చేరి జోర్డానా, లెబ్రానా అని గొంతులు చించుకుంటారు. “మావయ్యా, నీ పద్ధతి మా ఆటకి పనికొస్తుందా?” అని అడిగాడు. పనికొస్తుందన్నాను. జోర్డాన్ ఆరు ఎన్‌బీఏ ఫైనల్స్ ఆడి ఆరూ గెలిచాడు. ఫైనల్స్‌లో ఓటమే లేనివాడి పేజీలో అక్కడ ఏం రాయాలి? రాయడానికేం లేదు. లెబ్రాన్ పది ఫైనల్స్‌కి వెళ్లి నాలుగే గెలిచాడు. వాడికి ఆరు ఓటములున్నాయి, అందుకని నా లెక్కలో లెబ్రాన్ పైన. “అందరికన్నా పైన ఎవరు మరి?” అన్నాడు. జెర్రీ వెస్ట్ అన్నాను. లాస్ ఏంజెలిస్ లేకర్స్ తరఫున తొమ్మిది ఫైనల్స్ ఆడి ఒక్కటి గెలిచాడు, 1972లో. 1969లో బోస్టన్ సెల్టిక్స్‌తో ఏడో మ్యాచు. వెస్ట్ 42 పాయింట్లు, 13 రీబౌండ్లు, 12 అసిస్టులు. లేకర్స్ 106, బోస్టన్ 108. ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడికి బహుమతి ఇవ్వడం ఆ ఏడాదే మొదలుపెట్టారు. అది ఓడిన జట్టులోని వెస్ట్‌కి ఇచ్చారు. ఆ తరవాత ఇంతవరకూ ఓడిన జట్టువాడికి మళ్లీ ఇవ్వలేదు. ఆ రోజు అవతలి జట్టులో బిల్ రస్సెల్ ఉన్నాడు, పదమూడు సీజన్లలో పదకొండో టైటిల్ అందుకుంటూ. రస్సెల్ మహానుభావుడే, కాదనను. పదకొండు టైటిళ్లు ఎలా వచ్చాయో ఎవరైనా చెప్పగలరు. 42 పాయింట్లు చేసి రెండు పాయింట్లకి ఓడినవాడు ఆ రాత్రి ఇంటికెలా వెళ్లాడో చెప్పమనండి.

ఎన్‌బీఏలోకి మూడు పాయింట్ల గీత వచ్చిందే 1979లో, వెస్ట్ కాలంలో దూరం నుంచి వేసినా రెండే, అంకెలు ఎలా పోలుస్తావని మేనల్లుడు పట్టుకున్నాడు. నేను చెప్పేదీ అదే కదా. అంకెలు పోల్చకు, ఓటములు పోల్చు.

దెబ్బ వేగం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అమలాపురం వాళ్లు వాదనకి మొదట తీసేది అదే. 2023లో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు. అంతకు ముందు పదేళ్లుగా మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరున ఉన్నది 493. డెబ్బై రెండు కిలోమీటర్ల తేడా. గోదారి గాలి పీల్చి పెరిగిన భుజం అది, తలుచుకుంటే ఛాతీ పొంగుతుంది. కానీ అది జపాన్‌లో ఒక హాల్లో కొలతల కోసం కొట్టిన దెబ్బ. అవతల తిప్పికొట్టేవాడు లేడు. ఓడిపోవడానికి వీల్లేని దెబ్బని పద్దులో ఎలా రాస్తాం? రాయకండి.

ఇప్పుడు అసలు వాదన.

శ్రీకాంత్ పేజీలో మొదటి వరుస 2016 రియో ఒలింపిక్స్, క్వార్టర్ ఫైనల్. ఎదురుగా లిన్ డాన్, అప్పటికి రెండు ఒలింపిక్ బంగారాలున్నవాడు. 6-21, 21-11, 18-21. ఈ మూడు అంకెల్ని పైకి చదవండి, వీడియో చూడకండి. ఆరుతో మొదలైనవాడు పదకొండుకి అవతలివాడిని కట్టేశాడు. అక్కడి నుంచి పద్దెనిమిది దాకా వచ్చి ఆగిపోయాడు. రెండో వరుస 2021 డిసెంబరు, స్పెయిన్‌లో వెల్వా. ప్రపంచ చాంపియన్‌షిప్ పురుషుల సింగిల్స్ ఫైనలుకి వెళ్లిన మొదటి భారతీయుడు. లో కీన్ యూ చేతిలో 15-21, 20-22. మొదటి గేములో 9-3 ఆధిక్యంలో ఉన్నాడు. తొమ్మిది మూడు! ఆ కొబ్బరితోట కుర్రాడు 19-17 మీద వేలు పెట్టినట్టు, ఈ 9-3 మీద శ్రీకాంత్ ఎన్నిసార్లు వేలు పెట్టుకుని ఉంటాడో.

సాత్విక్ పేజీలో మొదటిది టోక్యో ఒలింపిక్స్. ఇది చిత్రమైన వరుస. గ్రూపులో మూడు మ్యాచులు, రెండు గెలిచారు. గెలిచినవాటిలో ఒకటి తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చి-లిన్ మీద, 21-16, 16-21, 27-25. ఇండోనేషియా జోడీ గిడియోన్, సుకముల్జోల చేతిలో ఓడారు. మూడు జోడీలు రెండేసి గెలిచి సమానమయ్యేసరికి గేముల లెక్క చూశారు, మనవాళ్లు బయటికి. వీళ్ల చేతిలో ఓడిన తైవాన్ జోడీ వెళ్లి బంగారం గెలిచింది. మూడేళ్ల తరవాత పారిస్‌లోనూ మళ్లీ గెలిచింది. రెండో వరుస ఆ పారిసే. క్వార్టర్ ఫైనల్లో మలేషియా జోడీ చియా, సోల మీద మొదటి గేము 21-13తో గెలిచి, 14-21, 16-21తో పోగొట్టుకున్నారు.

నా తీర్పు శ్రీకాంత్‌కే. కారణం ఒక్కటే. డబుల్స్‌లో ఓటమిని ఇద్దరు పంచుకుంటారు. సింగిల్స్ ఆడేవాడికి పక్కన ఎవరూ లేరు, వెల్వాలో 20-22 మొత్తం ఒక్కడి మీదే పడింది. కాబట్టి డబుల్స్ ఓటములకి సగం మార్కులే వేయండి.

ఈ మాట పంటు మీద చెప్పినప్పుడు మేనల్లుడు రెయిలింగుకి ఆనుకుని కాసేపు మాట్లాడలేదు. తరవాత, “అదేంటి మావయ్యా. సింగిల్స్‌లో ఓడితే తల దించుకుని వెళ్లిపోవచ్చు. డబుల్స్‌లో పక్కవాడి మొహం చూడాలి కదా. వాడి తప్పో నీ తప్పో ఇద్దరికీ తెలుసు” అన్నాడు. నేను జవాబు చెప్పేలోపు పంటు గట్టుకి తగిలింది. మోటారు సైకిళ్లన్నీ ఒక్కసారిగా స్టార్టయ్యాయి. వాదన పంటు మీదే పెట్టుకోమని అందుకే చెబుతాను. అవతలి గట్టు వచ్చేసరికి మాట దానంతట అదే తెగుతుంది, ఇంటికెళ్లి ఆలోచించుకోవడానికి మిగులుతుంది. ఆలోచించాను. సగం మార్కుని ముప్పావుకి పెంచాను. తీర్పు మారలేదు గానీ ఇద్దరి మధ్యా దూరం బాగా తగ్గింది.

పాత ఆటలకి ఈ పద్ధతి కష్టం. మా తాతల తరం షటిల్ కన్నా బాల్ బ్యాడ్మింటనే ఎక్కువ ఆడింది. పసుపుపచ్చ ఊలు బంతి, ఆరుబయట కోర్టు, వైపుకి అయిదుగురు. ఆ ఆటలో జమ్మలమడక పిచ్చయ్య గారికి 1970లో అర్జున అవార్డు వచ్చింది. నూరేళ్లు నిండిన మనిషి, 2021లో పోయారు. ఆయన ఓటములు ఏ రికార్డులోనూ నాకు దొరకలేదు. ఇలాంటిచోట పెద్దవాళ్లని అడగండి. పేపరు కటింగు కన్నా ఆయనతో ఆడి గెలిచిన ముసలాయన మాటకి ఎక్కువ విలువివ్వండి. గెలిచిన ఆ ఒక్కరోజుని అరవై ఏళ్లు మోసినవాడు అబద్ధం చెప్పినా అందులో సరుకుంటుంది.

నాకు అన్నిటికన్నా కష్టమైన నియమం చెప్పి ముగిస్తాను. 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. అప్పటికే పద్నాలుగుసార్లు కప్పు గెలిచిన ఇండోనేషియా మీద మనవాళ్లు. లక్ష్య సేన్ మొదటిది గెలిచాడు. రెండోది సాత్విక్, చిరాగ్. మొదటి గేము 18-21 పోయాక, రెండోదాంట్లో మ్యాచ్ పాయింట్లు కాచుకుని 23-21, ఆపైన 21-19. నెట్టుకి అవతల ఉన్నవాళ్లలో ఒకడు, టోక్యోలో వీళ్లని ఓడించిన సుకముల్జోనే. మూడోది శ్రీకాంత్, 21-15, 23-21. కప్పు మనది. ఒకే కోనసీమలో గంట దూరంలో పుట్టిన ఇద్దరు, ఒకే మధ్యాహ్నం, ఒకరి తరవాత ఒకరు. టీవీ ముందు నేను ఏడ్చాను. ఆ రోజు ఎవరు గొప్పో అడిగినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు.

దాన్ని పద్దులో రాయలేదు. గెలిచింది కదా. మీరూ రాయకండి. చెయ్యి లాగుతుంది, రాయకండి. శ్రీకాంత్ పేజీలో ఒక వరుస ఖాళీగా ఉంది, సాత్విక్ పేజీలో ఒకటి. మూడో వరుస ఇద్దరికీ పెన్సిలుతో గీత మాత్రం గీసి వదిలాను.